గాజు జాడీలో మూలముక్క

బ్రోనియా వైరోబెక్‌కు బేస్‌బాల్ అంటే ఇష్టం లేదు. జీవితంలో ఒక్కసారి మైదానానికి వెళ్ళింది, అదీ తమ్ముడు లూడెక్ పోరు పడలేక. ఆట సగంలో లేచి బస్సెక్కి ఇంటికి వచ్చేసింది. అయినా ఆమె మంచం కింద రెండు చెక్కపెట్టెలుండేవి. వాటిలో నలభై మూడు మంది పాత ఆటగాళ్ళ ఫోటోలు. అందరూ మీసాలవాళ్ళు. అందరూ ఎప్పుడో పోయినవాళ్ళు. ముఖం చూసి ఒక్కరి పేరు కూడా చెప్పలేకపోయేది. ఫోటో తిప్పి వెనక చూస్తే చెప్పేది.

వాళ్ళ ఊరు హోలియోక్‌లో మూడు కాలవలు. కాలవల వెంట కాగితం మిల్లులు. పదహారో ఏట బ్రోనియా మిల్లులో చేరింది. ఎత్తైన కిటికీల కింద పొడుగు బల్లలు, బల్లల వెంట ఆడవాళ్ళు. మర మీంచి వచ్చిన కాగితాన్ని ఒక్కొక్కటే తీసి, ముందు చూసి, తిప్పి వెనక చూసి, మచ్చ ఉంటే పక్కన పడేయాలి. అదే పని. చూసి తిప్పడం, తిప్పి చూడడం. నలభై నాలుగేళ్ళు ఆమె అదే చేసింది. చివరికి కళ్ళతో కూడా పని లేకపోయింది. వేలితో కొసను చిటికేస్తే కాగితం చేసే చప్పుడు బట్టి అందులో లోపమేమిటో చెప్పేసేది.

లూడెక్ ఆమెకంటే ఐదేళ్ళు చిన్న. అదే మిల్లులో గుజ్జు తొట్ల దగ్గర పనిచేసేవాడు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. చెక్క ఇంట్లో మూడో అంతస్తులో ఉండేవారు. లూడెక్‌కు తాగుడు లేదు, పేకాట లేదు. వెనకటి ఆటగాళ్ళ ఫోటోలంటే పిచ్చి. తాతల కాలంలో, చేతికి తొడుగు లేకుండా బంతి పట్టినవాళ్ళ ఫోటోలు. స్టూడియోలో, గచ్చు మీద గడ్డి పరిచి, గుడ్డ మీద గీసిన చెట్ల ముందు నిలబెట్టి తీసినవి. మందమైన అట్ట మీద అతికించిన పల్చటి కాగితం, దాని మీద గుడ్డుసొన పూత, అంచున బంగారు గీత.

1968 వసంతంలో అతను వీధి చివర ఉండే ముసలి ఐరిష్ విధవ మిసెస్ కోగన్ ఇనుప పొయ్యిని మూడంతస్తులు కిందికి దింపిపెట్టాడు. ఆవిడ తన ప్రార్థన పుస్తకంలోంచి ఒక ఫోటో కార్డు తీసి చేతిలో పెట్టింది.

"మా మేనమామ. బంతి విసిరేవాడట. నా తరవాత దీన్ని ఎవరు చూస్తారు? నువ్వు తీసుకో నాయనా."

లూడెక్ మెట్లన్నీ పరిగెత్తి ఎక్కి వచ్చాడు.

"అక్కా, ఇది ఎవరో తెలుసా? ఫినియస్ గారిటీ!"

"ఎవరైతే ఏంటి? కాళ్ళు తుడుచుకుని లోపలికి రా."

ఫినియస్ గారిటీ రెండు వేసవులు బంతి విసిరాడు. మూడో వేసవికి విషజ్వరంతో పోయాడు. అప్పటి పేపర్లలో అతని గురించి రాశారు గాని, అతను ఎలా ఉంటాడో చూసినవాళ్ళెవరూ మిగల్లేదు. అతని ఫోటో ఒకటి ఉందని ఎవరూ అనుకోలేదు. 1887లో తీసింది. ఒక్క ప్రతి.

ఆ ఊళ్ళో పాత ఆట ఫోటోలు సేకరించేవాళ్ళకు ఒక సంఘం ఉండేది. ఆగస్టు రెండో శనివారం చర్చి కింది హాల్లో కలిసేవారు. వాళ్ళ పద్ధతి వాళ్ళది. ఎవరైనా ఫోటో చేతికిస్తే ముందు ముఖం చూడరు. తిప్పి వెనక చూస్తారు. ముఖం ఎవరైనా అచ్చేయగలరు, వీపు అబద్ధమాడదని వాళ్ళ నమ్మకం. సభ్యుడెవరైనా మరో సభ్యుడి ఫోటో ముందు నిలబడి "వెనక్కి తిప్పండి" అనొచ్చు. ఆ మాట పడిన తరువాత సొంతదారు తన చేత్తో తిప్పి తీరాలి, పరీక్షకు ఒప్పుకుని తీరాలి. నకిలీ అని తేలితే కుడివైపు కింది మూల కత్తెరతో కోసేస్తారు, ఇంకెక్కడా అసలుదని అమ్మకుండా. ఆ ముక్క వెనక సొంతదారు పొడి అక్షరాలు, సంవత్సరం పెన్సిలుతో రాసి, ఊరగాయ జాడీ లాంటి ఒక గాజు జాడీలో వేస్తారు. ఆ జాడీని ఏటా బల్ల మధ్యలో పెట్టేవారు. అది వాళ్ళ గర్వం.

కత్తెర ఎల్‌డ్రిజ్ లేత్రప్ చేతిలో ఉండేది. ఆయన నది అవతల బడిలో లాటిన్ పంతులు. పొడుగాటి వేళ్ళు, మెడలో విల్లు టై. అసలుకూ నకిలీకీ తేడా ఎలా కనిపెట్టాలో ఆయన రాసిన చిన్న పుస్తకం అందరి జేబుల్లో ఉండేది. ఆయన అవునంటే అవును, కాదంటే కాదు.

సంఘానికి వెళ్ళే రోజు పొద్దున బ్రోనియా కార్డును బల్ల మీద పెట్టి, నిన్నటి రొట్టె లోపలి మెత్తటి భాగం తీసి ఉండ చేసింది. మిల్లులో మంచి కాగితం మీద వేలిముద్ర పడితే ఆడవాళ్ళు అలాగే తీస్తారు. రొట్టె ముద్దను మెల్లగా దొర్లిస్తే మసి దానికి అంటుకుని వచ్చేస్తుంది. కాగితానికి ఏమీ కాదు.

"అక్కా, వద్దు," అన్నాడు లూడెక్. "అలాగే ఉండనీ. ఆ మసి కూడా దాని వయసే."

"నోర్మూసుకో. మురికి మొహంతో నలుగురిలోకి తీసుకెళ్తావా? మనల్ని ఏమనుకుంటారు?"

ముందూ వెనకా తుడిచింది. బంగారు అంచు మెరిసింది. గారిటీ మిల్లు నుంచి అప్పుడే వచ్చిన కాగితంలా తెల్లగా నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం ఆమె హాలు వంటగదిలో సూపు వడ్డిస్తోంది. సభ్యుల ఇళ్ళ ఆడవాళ్ళకు అక్కడే చోటు. వడ్డించే కిటికీలోంచి అంతా కనిపించేది. లేత్రప్ కార్డును తిప్పి వెనక చూశాడు. చాలాసేపు చూశాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు.

"వైరోబెక్, ఇది ఎక్కడిది?"

"మిసెస్ కోగన్ ఇచ్చిందండీ. గారిటీ ఆవిడ మేనమామ."

"ఆవిడతో మాట్లాడొచ్చా?"

"మే నెలలో పోయిందండీ."

"అయ్యో. సరిగ్గా అవసరమైనప్పుడు పోయింది."

ఎవరో నవ్వారు. వెనక బల్ల నుంచి ఒకడు అరిచాడు: "ఏం లూడెక్, మిల్లులో ఇప్పుడు గారిటీలు కూడా తీస్తున్నారా? నాకో కట్ట పంపు!"

లేత్రప్ నవ్వలేదు. పాఠం చెప్పేవాడిలా కార్డును పైకెత్తి చూపించాడు. "ఎనభై ఏళ్ళు. మరక లేదు, మసి లేదు, ఒక్క వేలిముద్ర లేదు. ఇంత శుభ్రంగా ఏ కార్డూ ఇంతకాలం బతకదు. తెచ్చిన మనిషి కాగితం మిల్లులో పనివాడు. నేను ఇంకేమీ అనను."

బ్రోనియా నోరు తెరిచింది. చేతిలో గరిటె ఉంది. వరసలో ఎవరో గిన్నె చాచారు. నోరు మూసుకుని సూపు పోసింది.

కత్తెర చప్పుడు అక్కడిదాకా వినిపించింది.

లూడెక్ వాదించలేదు. కార్డును బల్ల మీదే వదిలి, టోపీ తీసుకుని బయటికి నడిచాడు. రొట్టె మాట అతను ఎత్తలేదు. ఆ రోజే కాదు, చచ్చిపోయేదాకా ఎత్తలేదు. తన ఫోటోలన్నీ చర్చి సంతకు ఇచ్చేశాడు. మిల్లులో అతన్ని "గారిటీ" అని పిలిచేవారు. "గారిటీ, గుజ్జు కలిసిందా?" "గారిటీ, మూల జాగ్రత్త!" అతను తలెత్తేవాడు కాదు. ఆదివారాలు కిటికీ దగ్గర కాలవ చూస్తూ కూర్చునేవాడు. 1970 ఫిబ్రవరిలో, తొట్టి పక్కన, చేతిలో కర్రతో, నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. గుండె అన్నారు. బ్రోనియా కత్తెర అనుకుంది.

నాలుగేళ్ళ తరువాత ఒక రోజు బంగాళదుంపల తొక్కలు చుట్టడానికి పాత పేపరు తీస్తే అందులో గారిటీ కనిపించాడు. గడ్డి మీద నిలబడి, బంతి పట్టుకుని. కింద రాశారు: ప్రసిద్ధ సేకరణకర్త లేత్రప్ వెర్మాంట్‌లో ఒక అటక మీద కనిపెట్టిన ఏకైక చిత్రం.

ఆ ఆగస్టులో ఆమె చర్చి హాలుకు వెళ్ళింది. ఫోటోకు ప్రత్యేకంగా ఒక బల్ల, ఒక నిలువు చట్రం. దగ్గరికి వెళ్ళి చూసింది. అదే గారిటీ. కానీ కింది మూల ఉంది. నాలుగు మూలలూ ఉన్నాయి.

"ఇది మా తమ్ముడి దగ్గర ఉండేదండీ," అంది.

లేత్రప్ ఆమెను గుర్తుపట్టాడు. గొంతు తగ్గించాడు. "మీ తమ్ముడు పోయాడని విన్నాను. బాధపడ్డాను. ఆయన దగ్గరున్నది దీని నకలమ్మా. ఎక్కడో ఈ ఫోటో చూసి ఉంటాడు."

"ఆ నకలు ఏమైంది?"

"ఎవరికి గుర్తు? పారేసి ఉంటారు."

"దీని వెనక ఒకసారి చూడొచ్చా?"

"అది సభ్యులకేనమ్మా. నియమం."

బ్రోనియా తల ఊపింది. వంటగదిలోకి వెళ్ళి, సభ్యత్వం ఎలా వస్తుందని ఆడవాళ్ళను అడిగింది. ఏడు వేసవులు తప్పకుండా రావాలి. సంఘం పరీక్షించి ఒప్పుకున్న ముప్పై ఫోటోలు ఉండాలి. అంతవరకు ఒక్క ఆడమనిషీ అడిగినట్టు లేదు, కానీ ఆడమనిషి కాకూడదని ఎక్కడా రాసి లేదు.

అలా ఆమె సేకరణ మొదలైంది.

శనివారాలు పాత సామాన్ల సంతలు, ఆదివారం పూజ అయ్యాక చర్చి అమ్మకాలు, ఎవరో పోయిన ఇళ్ళలో ఖాళీ చేసే అటకలు. పెట్టెల ముందు మోకాళ్ళ మీద కూర్చుని కార్డులను తిప్పేది. పెళ్ళికూతుళ్ళు, పసిపిల్లలు, శవపేటికలు, మధ్యలో ఎక్కడో ఒక మీసం, ఒక బంతి. అట్టను చిటికేసి వినేది. ముక్కు దగ్గర పెట్టుకునేది. మిగతావాళ్ళు భూతద్దాలతో కనిపెట్టేది ఆమె చేతితో కనిపెట్టేది. మూడో ఏటికల్లా మగవాళ్ళు తమ కార్డులను కూడా ఆమె చేతికివ్వడం మొదలుపెట్టారు.

సంఘం అధ్యక్షుడు ఆర్మండ్ థెరూ, రొట్టెల బట్టీ నడిపే లావాటి ఫ్రెంచివాడు, ఆమెను ఏడిపించేవాడు. "ఏం బ్రోనియా, ఈ వయసులో మీసాల మీద మోజు పుట్టిందేంటి?"

"నలభై మూడు మీసాలు. ఒక్కటీ గురక పెట్టదు. మీ ఆవిణ్ణి అడుగు, ఆ సుఖమేంటో చెబుతుంది."

ఆర్మండ్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

లేత్రప్ ఆమె ఫోటోలను ఒక్కొక్కటే పరీక్షించి ఒప్పుకునేవాడు. "మీ చెయ్యి చాలా గొప్పదండీ," అనేవాడు. ఆమె ఏటా ఆయన కోసం గసగసాల కేకు చేసి తెచ్చేది. ఆయన తినేవాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆయన నములుతుంటే చూసేది. మెడలో కండ ఎలా కదులుతుందో, విల్లు టై ఎలా పైకీ కిందికీ ఊగుతుందో చూసేది. ఇంటికి వచ్చి వేసవి లెక్క గోడ మీద ఇంకో గీత గీసేది.

గారిటీ మాత్రం ఏటా చట్రంలో నిలబడి ఉండేవాడు. మూల ఉండేది. కొన్ని ఏళ్ళు ఆమెకే అనుమానం వచ్చింది. నిజంగానే రెండు ప్రతులు ఉన్నాయేమో. నిజంగానే ఇది వేరేదేమో.

1977 ఆగస్టులో మూడు రోజులు ఆగకుండా వాన. హాలు గోడలు చెమర్చాయి. గాలిలో తడి బట్ట వాసన. ఉక్కగా ఉందని ఎవరో గారిటీ చట్రం మీది అద్దం తీసిపెట్టారు. బ్రోనియా పక్కనుంచి, కిటికీ వెలుగుకు అడ్డంగా చూసింది. చూసి అక్కడే ఆగిపోయింది.

కాగితానికి, చెక్కకు ఉన్నట్టే, ఒక వాలు ఉంటుంది. మర మీద గుజ్జు ఎటు పరిగెత్తితే నారలు అటు పడుకుంటాయి. తడి తగిలితే కాగితం ఆ వాలు వెంట గొట్టంలా చుట్టుకోవాలని చూస్తుంది. ఎంత మందం అట్ట అయినా వెంట్రుకంతైనా వంగుతుంది. పాత రోజుల్లో ఫోటో అట్టలు కోసేవాళ్ళు పెద్ద షీటులో తుక్కు మిగలకుండా కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా కోసేవారు. ఒకే స్టూడియో అట్టలైనా ఒకదాని వాలు నిలువు, ఇంకొకదానిది అడ్డం. ఇది మిల్లులో ఆడవాళ్ళకు తెలుసు. లాటిన్ పంతుళ్ళకు తెలియదు.

గారిటీ కార్డు నిలువుగా వంగింది. కింది మూల, బొటనవేలి గోరంత మేర, అడ్డంగా వంగింది.

అది ఇంకో కార్డు మూల.

ఈ సంగతి బ్రోనియా ఎవరికీ చెప్పలేదు. మిల్లు ఆడమనిషి మాట ఒకవైపు, లేత్రప్ పుస్తకం ఒకవైపు. రేపటికల్లా ఆ కార్డు ఏదో పొయ్యిలో ఉంటుంది. సభ్యురాలై, నలుగురి ముందు, నియమం ప్రకారం అడగాలి. ఇంకా నాలుగేళ్ళు. ఉండగలననుకుంది.

ఆ రోజు నుంచి జాడీ తుడిచే పని ఆమె తీసుకుంది. ఎవరూ చేయని పని కాబట్టి ఎవరూ కాదనలేదు. మూత తీయలేదు. పై నుంచి గుడ్డతో తుడుస్తూ, కొద్దికొద్దిగా ఊపుతూ, లోపలి ముక్కలు గాజుకు ఆనుకునేలా తిప్పేది. రెండో ఏడు ఒక ముక్క వీపు గాజు వైపు తిరిగింది. లూడెక్ పొడి అక్షరాలు. 68. లేత్రప్ చేతిరాత.

తాను కోసిన ముక్క తన కళ్ళ ముందే, బల్ల మధ్యలో, పదేళ్ళుగా ఉందని ఆయనకు తట్టలేదు. ఆ జాడీలో ముక్కలు వేసేవారే గాని తీసినవారు లేరు.

1981 ఆగస్టు. హాల్లో అరవై మంది. ఆర్మండ్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"మన సంఘంలో మొదటి మహిళా సభ్యురాలు. ఏడేళ్ళు. నలభై మూడు ఫోటోలు, ఒక్కదానికీ కత్తెర పడలేదు. నావి నాలుగింటికి పడింది, సిగ్గుపడుతున్నాను." నవ్వులు. ఆమె గౌను మీద సంఘం పిన్ను గుచ్చాడు. "ఏమన్నా మాట్లాడతావా బ్రోనియా?"

"రెండే మాటలు," అంది.

లేచి నడిచి గారిటీ బల్ల ముందు నిలబడింది.

"వెనక్కి తిప్పండి."

లేత్రప్ ముందు అర్థం కానట్టు చూశాడు.

"దేన్ని?"

"గారిటీని."

"బ్రోనియా, మనం స్నేహితులం కదా."

"అందుకే మర్యాదగా అడిగాను."

లేత్రప్ ఆర్మండ్ వైపు చూశాడు. ఆర్మండ్ నేల వైపు చూశాడు. నియమం నియమమే. ఆయన చట్రం విప్పి, తన పొడుగాటి వేళ్ళతో కార్డును తిప్పి బల్ల మీద పెట్టాడు. స్టూడియో పేరు బంగారు రంగులో ఉంది. కింది మూల మీద ఒక నల్లకాగితం ముక్క అతుక్కుని ఉంది.

"ఆల్బమ్ కాగితం," అన్నాడు లేత్రప్. "ఆల్బమ్‌లోంచి పీకితే మిగిలేది. అందరి కార్డుల మీదా ఉంటుంది."

"ఉంటుంది. నాలుగు మూలలా ఉంటుంది. దీనికి ఒక్క మూలే ఎందుకుంది?"



"తడిగుడ్డ కావాలి," అంది బ్రోనియా.

ఆర్మండే వంటగదిలోకి వెళ్ళి తెచ్చాడు. ఆమె గుడ్డను నాలుగు మడతలు పెట్టి నల్లకాగితం మీద ఉంచి, అరచేయి ఆనించి నిలబడింది. అరవై మంది బల్ల చుట్టూ మూగారు. ఆమె తొందరపడలేదు. పదమూడేళ్ళు ఆగిన చెయ్యి. గుడ్డ తీసేసరికి నల్లకాగితం మెత్తబడి ఊడింది. దాని కింద ఏటవాలుగా ఒక గీత. గోటితో తాకితే మూల విడివడి ఆమె అరచేతిలోకి వచ్చింది.

"ఆర్మండ్, జాడీ తెరువు. నేను ముట్టుకోను. నువ్వే వెతుకు."

ఆర్మండ్ జాడీని బల్ల మీద వంచాడు. ఇరవై రెండు మూలలు. ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఒకటి చేతిలో పట్టుకుని ఆగాడు. వెనక రాసింది పైకి చదవలేదు. కార్డును ముఖం పైకి వచ్చేలా తిప్పి, దాన్ని పక్కన పెట్టి వేలితో దగ్గరికి జరిపాడు. గీత గీతకు ఆనింది. సగం గడ్డిపరక మిగతా సగంతో కలిసింది. కింది అంచున అచ్చైన స్టూడియో పేరులో చివరి అక్షరం తన చోటికి వచ్చింది.

వెనక నుంచి ఎవరో "ఓరి దేవుడా" అన్నారు. ఆ గొంతు బ్రోనియాకు తెలుసు. ఒక కట్ట గారిటీలు పంపమన్న గొంతు.

లేత్రప్ కుర్చీలో కూలబడ్డాడు.

"నేను అడగాల్సింది ఒకటే," అంది బ్రోనియా. "కోసేటప్పుడు మీకు తెలుసా?"

"తెలియదు." ఆయన గొంతు బడిపిల్లాడి గొంతులా ఉంది. "ప్రమాణం చేస్తాను, తెలియదు. పిల్లలకు నకిలీ ఎలా ఉంటుందో చూపిద్దామని ఇంటికి తీసుకెళ్ళాను. రెండు వారాల తరువాత భూతద్దం పెట్టి చూశాను. గుడ్డుసొన పూత కనిపించింది. పగుళ్ళు కనిపించాయి. అప్పుడు తెలిసింది."

"మా తమ్ముడు అప్పటికి బతికే ఉన్నాడు. ఇంకో ఏడాదిన్నర బతికాడు. మీ ఇంటి నుంచి మా ఇంటికి ఎనిమిది మైళ్ళు."

"తెలుసు."

"మరి?"

"లోకంలో ఉన్న ఒకే ఒక్క గారిటీకి నేనే కత్తెర పెట్టానని ఎలా చెప్పను? అందరికీ చెప్పేవాణ్ణి నేను. ఎలా చెప్పను?"

దొంగ అనుకుని ఏడేళ్ళు నడిచివచ్చింది. కుర్చీలో ఉన్నది పిరికివాడు. ఆమె కోపం ఒక్క క్షణం చోటు తెలియక తచ్చాడింది. తరువాత అదే కుర్చీలో స్థిరపడింది.

"బయటికి పొమ్మనండి!" ఎవరో అరిచారు. "మిల్లులో మనుషుల్ని కూడా పిలవండి, ఆయన మొహం చూస్తారు!"

లేత్రప్ లేచి, పిన్ను విప్పి బల్ల మీద పెట్టబోయాడు.

"కూర్చోండి," అంది బ్రోనియా. "వెళ్ళడం సుఖం. మా తమ్ముడు వెళ్ళలేదా, టోపీ పెట్టుకుని? మీరు వెళ్ళకూడదు."

ఆయన కూర్చున్నాడు.

"ఈ మూల అతికించకూడదు. కార్డు ఇలాగే, ముక్క పక్కన, లూడెక్ పేరు కనిపించేలా. ప్రతి ఆగస్టులో ఇదే బల్ల. మీరు దీని పక్కనే కూర్చోవాలి. ఎవరు కోశారని ఎవరడిగినా మీ నోటితో చెప్పాలి. మీరు రాని ఏడాది ఫోటో నేను ఇంటికి తీసుకుపోతాను. మళ్ళీ మీ కంటికి కనిపించదు."

ఆమె ఆయన్ని సరిగ్గానే అంచనా వేసింది. ఇంకెవరైనా అయితే ఊరు విడిచిపోయేవాడు. లేత్రప్ బల్ల మీది కార్డు వైపు చూశాడు. గారిటీని చూడకుండా బతకడమా, గారిటీ పక్కన సిగ్గుతో కూర్చోవడమా అని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"వస్తాను," అన్నాడు.

వచ్చాడు. 82లో వచ్చాడు, 83లో వచ్చాడు. ఆ ఊరి పిల్లలకు కూడా అదొక వేడుకైంది. "ఎవరు కోశారండీ?" "నేను." పరిగెత్తిపోయేవారు, మళ్ళీ వచ్చి అడిగేవారు. ఆయన పుస్తకం ఎవరి జేబులోనూ కనిపించలేదు. బడి మానేశాడు. విల్లు టై మెడకు వదులైంది. ఆర్మండ్ ఒక ఏడు బ్రోనియాను పక్కకు పిలిచాడు.

"ఇక చాలు కదా? ముసలాడు ఎలా అయిపోయాడో చూశావా?"

"చూశాను. చూడ్డానికే వస్తున్నాను."

ఆమె కొత్త ఫోటోలు సేకరించడం మానేసింది. నలభై మూడుతో ఆగింది. ఆగస్టు రెండో శనివారం మాత్రం తెల్లారే లేచి, జుట్టు దువ్వుకుని, పిన్ను పెట్టుకుని వచ్చేది. లేత్రప్ బల్లకు ఎదురుగా కుర్చీ వేసుకునేది. ఎవరు కోశారని ఆ రోజుకు ఒకేసారి అడిగేది, అందరికంటే చివర.

1986లో హాల్లో జనం తక్కువ. పాతవాళ్ళు కొందరు పోయారు. మధ్యాహ్నం బ్రోనియా తన మూట విప్పింది. రై రొట్టె, సాసేజి, ఉప్పులో ఊరిన దోసకాయ. లేత్రప్ ఏమీ తెచ్చుకోలేదు. కార్డును చూస్తూ కూర్చున్నాడు. అంతలో తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నాడు:

"ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు. నిందించడానికి కాదు, నిజంగా అడుగుతున్నాను. ఎనభై ఏళ్ళు ఎవరి ప్రార్థన పుస్తకంలోనో ఉన్న కార్డు. ప్రతి వారం వేళ్ళు తగిలి ఉంటాయి. కొవ్వొత్తి పొగ తగిలి ఉంటుంది. అంత శుభ్రంగా ఎలా ఉందది? కాస్త మసి ఉన్నా కత్తెర ముట్టుకునేవాణ్ణి కాదు. ఒక్క వేలిముద్ర ఉన్నా. మీకేమైనా తెలుసా?"

బ్రోనియా నములుతున్నది ఆపింది.

బల్ల మీద రొట్టె రజను పడి ఉంది. ఆమె దాన్ని అరచేత్తో ఒక చోటికి కూడదీసింది. వేళ్ళు వాటంతట అవే రజనును నొక్కి చిన్న ఉండ చేశాయి. ఉండ వైపు చూసింది. లేత్రప్ కూడా దాని వైపే చూస్తున్నాడు, కానీ ఆయనకు అది రొట్టె మాత్రమే.

ఉండను నోట్లో వేసుకుని మింగింది. మూట కట్టేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరు కోశారు?" అని అడిగింది.

"నేను," అన్నాడు లేత్రప్.

"వినపడలేదు."

"నేను."

"మళ్ళీ చెప్పండి," అంది బ్రోనియా. ఒక రోజులో ఆమె రెండోసారి అడగడం అదే మొదలు.